బండి నడుప నేర్చువారికి: కొన్ని మాటలు, వాని అర్థములు

మోటారు వాహనము నడుప నేర్చుకొనువారు రెండు విద్యలను ఒకేసారి అభ్యసించుచున్నారు. ఒకటి చేతికిని కాలికిని సంబంధించినది. రెండవది మాటకు సంబంధించినది. మొదటిదానికి గురువులు దొరకుదురు. ఊరూర డ్రైవింగు స్కూళ్లున్నవి. అవి లేనిచోట మేనమామయో, పెద్దన్నయో, చిరకాలము లారీ నడిపి ఇంటిపట్టున నుండు పొరుగింటి పెద్దాయనయో ప్రక్కన కూర్చుండి నేర్పును. రెండవ విద్యను ప్రత్యేకముగ నేర్పువారు తక్కువ. క్లచ్చి, గేరు, డిప్పరు, న్యూట్రలు, సైడు, ఓవర్‌టేకు మున్నగు మాటలు చిన్ననాటినుండి చెవిని పడుచునే యుండును గనుక, వాని అర్థము మనకు తెలిసినట్లే యుండును. ఒక్కొక్క మాటను పట్టుకొని అడిగి చూడుడు. పదిమంది పది విధములుగ చెప్పుదురు. ఎదుటివాడు ఒక అర్థమున వాడిన సంజ్ఞను మనము వేరొక అర్థమున గ్రహించినచో నేమగునో చెప్ప నక్కరలేదు.

2022 సంవత్సరమున భారతదేశమున 4,61,312 రోడ్డు ప్రమాదములు జరిగినవనియు, వానిలో 1,68,491 మంది మరణించిరనియు కేంద్ర రవాణా మంత్రిత్వశాఖ ప్రకటించినది. సగటున దినమునకు 460 మందికి పైమాటే. ఇందు అతివేగము పాలే ఎక్కువ. అయినను అపార్థము పాలు కూడ కొంత యుండక తప్పదని నా తలంపు. ఆ పాలు లెక్కల కెక్కదు.

మాటలలో కొన్ని నిరపాయమైనవి. వాని చరిత్ర తెలిసికొనుట వినోదమే. ఉదాహరణకు, అదనపు చక్రమును మనమందరము ‘స్టెప్నీ’ అనుచున్నాము. ఇది యంత్రభాగము పేరు కాదు, ఒక వీధి పేరు. తొలినాటి మోటారు కార్లకు అదనపు చక్రము ఉండెడిది కాదు. 1904 ప్రాంతమున వేల్సు దేశములోని లనెల్లీ పట్టణమున స్టెప్నీ వీధిలో నున్న సోదరులిద్దరు అట్టి చక్రమును చేసి అమ్మసాగిరి. ఆ వీధి పేరు సముద్రములు దాటి మన మెకానిక్కు షెడ్లలో స్థిరపడినది. అట్లే ‘డాష్‌బోర్డు’ గుఱ్ఱపుబండ్ల నాటి మాట. గుఱ్ఱము కాలిగిట్టలు ఎగజిమ్ము బురద బండివానిమీద పడకుండ ముందు కొట్టిన పలక అది. ఇప్పుడు గుఱ్ఱము లేదు, బురద ఎగజిమ్మునది మనమే.

స్టెప్నీ మాట వచ్చినది గనుక ఒక సంగతి. దారిలో టైరు పంక్చరైనప్పుడు చక్రము మార్చుట కంటె, ఎక్కడ నిలిపి మార్చుచున్నామను నదియే ముఖ్యము. బండిని వీలైనంత ఎడమకు, తారు దాటించి నిలుపవలెను. లోపలివారిని దింపి రోడ్డునకు దూరముగ నుంచవలెను. ఎఱ్ఱని త్రికోణపు పలకను వెనుక చాలినంత దూరమున నిలబెట్టవలెను. మనవారు త్రికోణమునకు బదులు చెట్టుకొమ్మను విరిచి పెట్టుదురు, లేదా రాళ్లు పేర్చుదురు. బండి బాగుపడిన పిమ్మట కొమ్మయు రాళ్లును అక్కడనే విడిచి వెళ్లుదురు. ఆ రాత్రి స్కూటరుపై వచ్చువాని గతి ఏమి? పేర్చిన చేతులే ఆ రాళ్లను తీసివేయవలెను. మన పల్లెలలో వరియో మొక్కజొన్నయో రోడ్డుమీద ఆరబోసి చుట్టును రాళ్లు పెట్టు అలవాటును గూర్చి కూడ ఇదే చెప్పవలసి యున్నది. పగటివేళ కనబడు ఆ హద్దు చీకటి పడగానే ఉచ్చుగ మారును.

ఇక ప్రమాదకరమైన మాటలకు వత్తము. వీనిలో మొదటిది ‘డిప్పరు’. దీపము కాంతిని దూరమునుండి దగ్గరకు దింపుట డిప్పు చేయుట. ఎదురుగ వాహనము వచ్చునప్పుడు వాని కన్నులు మిరుమిట్లు గొనకుండుటకై చేయు మర్యాద ఇది. కాని మన రోడ్లపై దీపమును పైకి క్రిందికి మిణుకుమని చూపుట మాత్రము వేఱొక భాష. ఇరుకు వంతెన వద్ద ఎదుటివాడు దీపము మిణుకుమనిపించినచో, మన దేశమున తఱచుగ దాని అర్థము ‘నేను వచ్చుచున్నాను, నీవు ఆగుము’ అని. కొన్ని దేశములందు అదే సంజ్ఞకు ‘నేను ఆగితిని, నీవు రమ్ము’ అని అర్థము చెప్పుదురు. ఆ దేశములలో కొన్నాళ్లు బండి నడిపి వచ్చిన మనవారు కొందఱు ఇక్కడి వంతెనపై తడబడుట సహజము. కొత్తగ నేర్చువారికి నేను చెప్పునది ఒకటే. దీపపు సంజ్ఞను ఆహ్వానముగ ఎన్నడును తీసికొనవలదు. ఎదుటి బండి నిజముగ ఆగినదో లేదో కంటితో చూచిన తరువాతనే కదలుడు.

రెండవది ‘ఇండికేటరు’. లారీ వెనుక పోవుచున్నారనుకొనుడు. అతడు కుడివైపు ఇండికేటరు వేసినాడు. దీని అర్థమేమి? చట్టము ప్రకారము అతడు కుడికి తిరుగబోవుచున్నాడు. కాని మన హైవేలపై చిరకాలముగ ఇంకొక వాడుక కలదు: ముందు దారి ఖాళీగనున్నది, నన్ను దాటి పొమ్మని వెనుకవానికి కుడి దీపము చూపుట. ఒకే దీపమునకు పరస్పర విరుద్ధములైన రెండు అర్థములు! మొదటి అర్థమున వేసిన దీపమును రెండవ అర్థమున తీసికొని దాటబోయినవాడు సరిగ లారీ తిరుగుచోటనే దాని ప్రక్కకు చేరును. కనుక ఎదుట కూడలియో, డివైడరులో సందో, పెట్రోలు బంకో ఉన్నచోట కుడి దీపమునకు ‘తిరుగుచున్నాను’ అను అర్థమునే గ్రహింపవలెను. సందేహము తీరు వఱకు వెనుకనే ఉండవలెను. మీరు దీపము వేయునపుడు మాత్రము చట్టము చెప్పిన అర్థముననే వేయుడు. వెనుకవానికి దారి చూపు ఉపకారము మనకు వలదు. అతని కన్నులు అతనికి కలవు.

నాలుగు మూలల దీపములును ఒకేసారి మిణుకుమను ‘హజార్డు లైట్ల’ సంగతియు ఇట్టిదే. బండి చెడి దారిలో నిలిచిపోయినపుడు ఇతరులను హెచ్చరించుట కవి ఏర్పడినవి. కూడలిలో నేరుగ పోదలచినవారు వీనిని వేయుట మన పట్టణములలో ఒక వింత ఆచారమైనది. ప్రక్కనుండి చూచువానికి ఒక వైపు దీపమే కనబడును. వాడు మీరు అటు తిరుగుచున్నారని తలంచును. నేరుగ పోవుటకు సంజ్ఞయే లేదు. ఏ దీపమును వేయకుండుటయే దాని సంజ్ఞ.

చేతి సంజ్ఞలను నేడు చాలమంది మఱచిరి. దీపములు పనిచేయనపుడు అవియే దిక్కు. కుడిచేతిని అడ్డముగ చాచి, అరచేయి ముందువైపునకు ఉంచినచో కుడికి తిరుగుట. చాచిన చేతిని అరచేయి క్రిందికి ఉండునట్లు మీదికి క్రిందికి ఆడించినచో వేగము తగ్గించుట. ముంజేతిని నిటారుగ ఎత్తినచో ఆగుట. నేర్చుకొనుటకు ఒక సాయంకాలము చాలును.

‘రైట్ ఆఫ్ వే’ అను మాటను తెలుగులో ‘ముందు పోవు హక్కు’ అని చెప్పుచుందురు. ఈ అనువాదము వలన కొంత కీడు జరిగినదని నా అభిప్రాయము. హక్కు అనగానే మనవానికి పౌరుషము వచ్చును. నియమములను జాగ్రత్తగ చదివినచో అవి ఎవరు దారి విడువవలెనో చెప్పుచున్నవి. చిన్నదారినుండి పెద్దదారిలో చేరువాడు పెద్దదారిపై వచ్చువారికి దారి విడువవలెను. చుట్టు తిరుగు కూడలిలో ప్రవేశించువాడు అప్పటికే లోపల తిరుగుచున్నవారికి విడువవలెను. తలక్రిందులుగ నిలిపిన త్రికోణపు గుర్తు ఎక్కడ కనబడినను ‘దారి విడువుము’ అని అర్థము. ఎనిమిది కోణముల ఎఱ్ఱ పలకకు ‘పూర్తిగ ఆగుము’ అని అర్థము. ఆగుట యనగా చక్రములు తిరుగుట మానవలెను. నెమ్మదిచేసి అటునిటు చూచి సాగిపోవుట ఆగుట కానేరదు.

కొండదారిలో ఇంకొక నియమము కలదు. రెండు బండ్లు ఒరసికొనక పోవుటకు చోటు చాలనిచో, దిగువాడు ఎక్కువానికి దారి విడువవలెను. ఎక్కుచున్న బండి ఆగినచో మరల కదలుట కష్టము. వెనుకకు జారు భయమును కలదు. తిరుమలలో 1944లో వేసిన మొదటి ఘాటు రోడ్డు దిగుటకును, 1974లో వేసిన రెండవది ఎక్కుటకును వాడబడుచున్నవి గనుక అచట ఈ ప్రశ్న రాదు. శ్రీశైలము, మారేడుమిల్లి ఘాట్లలో పోవువారికి ఇది దినదినమును అవసరమగు నియమము.

ఘాటు ప్రస్తావన వచ్చినది గనుక ‘న్యూట్రలు’ అను మాటవద్ద కొంచెము నిలువవలెను. గేరు ఏదియు పడని స్థితి న్యూట్రలు. అప్పుడు ఇంజనుకును చక్రములకును సంబంధము తెగిపోవును. పల్లములో న్యూట్రలున వదలినచో నూనె ఖర్చు తగ్గునని మనలో ఒక గట్టి నమ్మకము కలదు. నేటి కార్లలో ఈ లెక్క తలక్రిందులైనది. గేరులోనుండి, ఆక్సిలరేటరు మీది కాలు తీసి దిగుచున్నపుడు ఇంజనుకు ఇంధనము పోవుటయే నిలిచిపోవును. చక్రములే ఇంజనును త్రిప్పుచుండును. న్యూట్రలు చేసినపుడు మాత్రము ఇంజను ఆరిపోకుండ తనంతట తాను తిరుగుటకు కొంత ఇంధనము కావలెను. ఆదాయము లేకపోగా ప్రాణభయము అదనము.

ఆ భయము ఎట్టిదో చెప్పెదను. గేరులో నున్నంతవఱకు ఇంజను బండిని పట్టి వెనుకకు లాగుచుండును. దీనిని ‘ఇంజను బ్రేకింగు’ అందురు. న్యూట్రలులో ఆ పట్టు పోయి, బరువంతయు బ్రేకులమీద పడును. మాటిమాటికి త్రొక్కిన బ్రేకు వేడెక్కును. మితిమీరి వేడెక్కిన బ్రేకు పట్టు తప్పును. పెడలు మామూలుగనే దిగును, బండి మాత్రము ఆగదు. ఇంజనే ఆర్పివేసినచో ఇంకను ప్రమాదము: బ్రేకు త్రొక్కుటకు తోడ్పడు శక్తియు, స్టీరింగు త్రిప్పుటకు తోడ్పడు శక్తియు పోయి, రెండును రాయివలె బిగిసికొనును. అందువలన పాత లారీ డ్రైవర్లు కొత్తవారికి చెప్పెడి సూత్రము నేటికిని చెల్లుచున్నది: ఏ గేరులో కొండ ఎక్కుదువో ఆ గేరులోనే దిగుము. బరువు హెచ్చిన కొలది ఈ సూత్రము విలువ హెచ్చును. 2018 సెప్టెంబరు 11వ తేదీన కొండగట్టు ఘాటు దిగుచున్న బస్సు లోయలో పడి 60 మందికి పైగ మరణించిరి. ఆ బస్సులో పట్టవలసినవారికంటె చాల ఎక్కువమంది ఉండిరి. దిగు బండికి అదనపు మనిషి యనగా బ్రేకులకు అదనపు వేడి.

‘దూరము’ అను మాట మనకు తెలియదా యని అడుగవచ్చును. ముందు బండికి ఎంత దూరమున ఉండవలెను? మీటర్లలో చెప్పినచో కదలుచున్న బండిలో కొలుచుట ఎట్లు? కాలముతో కొలువవలెను. ముందు బండి ఒక చెట్టునో, కిలోమీటరు రాయినో దాటిన క్షణమున ‘వెయ్యిన్ని ఒకటి, వెయ్యిన్ని రెండు’ అని మనసులో లెక్కింపుడు. ఆ లెక్క ముగియక ముందే మీరును ఆ రాయిని చేరితిరా, దగ్గరగ నున్నారన్నమాట. వాన పడుచున్నపుడు నాలుగు వఱకు లెక్కింపవలెను. గంటకు 60 కిలోమీటర్ల వేగమున పోవు బండి ఒక సెకనులో సుమారు 17 మీటర్లు పోవును. అపాయమును చూచి కాలు బ్రేకుమీదికి చేరుటకే ఇంచుమించు ఒక సెకను పట్టును. ఆ 17 మీటర్లును బ్రేకు పడక మునుపే గడచిపోవును. పిమ్మట పొడి తారురోడ్డుపై మంచి బ్రేకులున్న కారు ఆగుటకు మరల సుమారు 20 మీటర్లు కావలెను. 30 కిలోమీటర్ల వేగమున ఈ రెండవ భాగము సుమారు 5 మీటర్లే. వేగము రెట్టింపయినచో బ్రేకు దూరము నాలుగు రెట్లగును. సెల్‌ఫోనువంక రెండు సెకనులు చూచినవాడు 60 వేగమున 33 మీటర్ల రోడ్డును కన్నులు మూసికొని దాటినట్లే.

‘ఓవర్‌టేకు’ను గూర్చి ఒక్క సంగతి మాత్రము చెప్పెదను. దాటబోవువాని బండి ముందువాని అద్దములో కనబడని చోటొకటి కలదు. దీనినే ‘బ్లైండు స్పాటు’ అందురు. లారీకి ఈ చోటు చాల పెద్దది. ఎడమ ప్రక్కను మఱియు పెద్దది. లారీ డ్రైవరు ముఖము అతని అద్దములో మీకు కనబడనిచో, మీ ముఖము అతనికి కనబడుట లేదని నిశ్చయించుకొనుడు. బస్సు ఎడమప్రక్క సందులో స్కూటరు దూర్చు యువకులకు ఈ మాటను ఇంటివారే చెప్పవలెను.

కూడలిలోని ‘అంబరు’ దీపము, అనగా పసుపు దీపము, మన పట్టణములలో ‘త్వరపడుము’ అను అర్థమున వాడబడుచున్నది. దాని అర్థము ఆగుము అనియే. ఆగుటకు వీలులేనంతగ గీత దగ్గఱకు వచ్చినవానికే మినహాయింపు.

‘ధరించుట’ అను మాటకును చట్టమున ఖచ్చితమైన అర్థము కలదు. హెల్మెట్టును తలపై పెట్టి, గడ్డము క్రింద పట్టీ బిగించినపుడే ధరించినట్లు. పట్టీ వదులుగ నున్న హెల్మెట్టు దెబ్బ తగులుటకు ముందే ఎగిరిపోవును. చేతికి తగిలించుకొన్నది మోచేతిని కాపాడునేమో తెలియదు. 2022లో హెల్మెట్టు లేక మరణించినవారు 50,029 మంది. వీరిలో వెనుక కూర్చున్నవారును ఉన్నారు. కార్లలో నేడు మనము వాడు మూడు కొసల సీటుబెల్టును 1959లో వోల్వో సంస్థ ఇంజనీరు నిల్స్ బోలిన్ రూపొందించెను. ఆ సంస్థ దానిని ఇతర తయారీదారులు కూడ వాడుకొనుటకు విడిచిపెట్టెను. వెనుక సీటువారికిని అది తప్పనిసరియే.

నేర్చుకొనువారు తెలిసికొనవలసిన చట్టపు మాటలు కొన్ని. మన వాడుకలో ‘ఎల్.ఎల్.ఆర్.’ అనునది 6 నెలలు చెల్లును. అది చేతికి వచ్చిన 30 దినముల తరువాతనే పక్కా లైసెన్సు పరీక్షకు పోవచ్చును. గేరుల బండికి 18 ఏండ్లు నిండవలెను. ఆ కాలమున లైసెన్సు గలవాడు, బండిని ఆపగల చోట ప్రక్కనే కూర్చుండవలెను. ముందును వెనుకను తెల్లని పలకపై ఎఱ్ఱని ‘ఎల్’ అక్షరము 10 సెంటీమీటర్ల ఎత్తున ఉండవలెను. పిల్లవానికి ముచ్చటపడి తాళము చేతికిచ్చు తండ్రులకు 2019 సవరణ ఒక కొత్త బాధ్యతను తెచ్చినది: మైనరు బండి నడిపి నేరము చేసినచో సంరక్షకునికి 25,000 రూపాయల జరిమానాయు, 3 ఏండ్ల వఱకు జైలుశిక్షయు పడవచ్చును.

పాత చట్టపు మాట ఒకటి నాకెప్పుడును గుర్తుకు వచ్చుచుండును. కాపలా లేని రైల్వే గేటువద్ద డ్రైవరు బండిని ఆపి, క్లీనరునో కండక్టరునో దింపి పట్టాలవఱకు నడిపించి, ఏ వైపునను రైలు రాలేదని చూచిన పిమ్మటనే దాటవలెను. తోడెవ్వరును లేనిచో తానే దిగవలెను. 2014 జూలై 24వ తేదీన మెదకు జిల్లా మాసాయిపేటవద్ద అట్టి గేటులో పాఠశాల బస్సును రైలు ఢీకొని పసిపిల్లలు మరణించిరి. 2019 జనవరి నాటికి బ్రాడుగేజి మార్గములపై కాపలా లేని గేట్లను రైల్వేవారు తొలగించిరి. గేటు పడియున్నపుడు ప్రక్కనుండి స్కూటరును వంచి దూర్చువారు మాత్రము తొలగలేదు.

ఇంత చేసినను ప్రమాదము జరుగవచ్చును. దెబ్బ తగిలిన తరువాతి మొదటి గంటను ‘గోల్డెన్ అవరు’ అని చట్టమే పేర్కొన్నది. ఆ గంటలో అందిన వైద్యమునకు ప్రాణము నిలుపు శక్తి అధికము. సద్బుద్ధితో సాయపడినవానిపై కేసు రాదని 2019 సవరణ హామీ ఇచ్చినది. పేరు చెప్పుమని అతనిని నిర్బంధింపరాదు. కనుక భయపడక 108కి ఫోను చేయుడు. జాతీయ రహదారిపై 1033 కూడ పనిచేయును. ఫోనులో అవతలివారు మొదట అడుగునది ‘ఎక్కడ?’ అనియే. ‘ధాబా దాటినాక’ అనిన వారికి తెలియదు. ప్రక్కన పసుపు తల గల కిలోమీటరు రాయి ఉండును. దానిపై రాబోవు ఊరి పేరును, అంకెయు ఉండును. ఏ ఊరివైపు పోవు ప్రక్కనున్నారో, రాతిపై అంకె ఎంతయో, గాయపడినవారెందఱో వరుసగ చెప్పి, అవతలివారు పెట్టువఱకు ఫోను పెట్టవలదు.